గెడ్డ దాటిన పాట

లింబగరువులో మోరి ఊదే ఇల్లు ఒకటే. ఆ ఇంట్లో సోంబరే ఆఖరు. మోరి అంటే మరేం లేదు, పల్లంలో పెళ్ళిళ్ళకి ఊదే సన్నాయికి కొండమీది చుట్టం. మూరెడు కర్ర, చివర ఇత్తడి గిన్నె, మొదట్లో తాటాకు పీక. సోంబరు దాన్ని యాభై ఏళ్ళు ఊదాడు. పెళ్ళిళ్ళకి ఊదాడు, థింసా ఆడే ఆడవాళ్ళకి ఊదాడు, వేటకెళ్ళే ఇటుకల పండక్కి ఊదాడు. పెద్ద ఆఫీసర్లు వస్తే జీపు ముందు ఊదాడు. అరకులో రిసార్టు వాళ్ళు తలపాగా చుట్టి నిలబెడితే టూరిస్టుల కోసం కూడా ఊదాడు. అవన్నీ ఎవరు ఎప్పుడు అడిగినా ఊదే పాటలు.

ఒక్క పాట మాత్రం అడిగితే ఊదేది కాదు. దాన్ని సాగనంపు అంటారు. మనిషి పోతే ఇంటి దగ్గర్నుంచి గొయ్యి దాకా శవం ముందు ఊదే పాట. శవం లేకుండా ఊదకూడదు. మొదలుపెట్టాక గొయ్యి దాకా ఆపకూడదు. మోసేవాళ్ళు అలిసిపోయి పాడె దించితే మోరి కూడా అక్కడే ఒక్క స్వరం పట్టుకుని నిలబడాలి, వాళ్ళు మళ్ళీ ఎత్తేదాకా. బుగ్గల్లో గాలి దాచుకుని ముక్కుతో ఊపిరి పీల్చుకునేవాడికే అది చేతనవుతుంది. అన్నిటికంటే పెద్ద కట్టుబాటు ఇంకొకటి ఉంది. ఒక మనిషికి ఒక్కసారే. దారిలో రెండోసారి మొదలెత్తితే అది పాడె మీద ఉన్నవాడికి కాదు, వెనక నడిచేవాళ్ళలో ఎవరికో.

శవం లేకుండా ఊదకూడదు కాబట్టి నేర్పడానికీ వేరే దారి లేదు. నేర్చుకునేవాడు ఊదేవాడి వీపు మీద అరచెయ్యి ఆనించి వెనకే నడవాలి. ఊపిరి ఎక్కడ పడుతోందో ఎక్కడ లేస్తోందో ఆ చెయ్యే తెలుసుకోవాలి. సోంబరు తన అయ్య వెనక పదకొండు చావులు అలా నడిచాడు. పన్నెండోది అయ్యదే. దానికి ముందు నిలబడి తానే ఊదాడు.

సోంబరు వెనక నడిచినవాడు ఎవడూ లేడు. కొడుకు కొండబాబు చదువుకునే రోజుల్లోనే చర్చిలో కలిశాడు. కోడలు కృపావతి పుట్టుకతోనే చర్చి ఇంటి పిల్ల. ఇద్దరూ మంచివాళ్ళే, ముసలాయన చుట్ట కాల్చినా జీలుగు కల్లు తాగినా ఏమీ అనరు. ఊళ్ళో ముప్పాతిక ఇళ్ళు ఇప్పుడు అటే. అక్కడ ఎవరైనా పోతే పెట్టెలో పెట్టి, పాటల పుస్తకం పట్టుకుని తీసుకెళ్తారు. అందులో తప్పేమీ లేదని సోంబరే అనేవాడు. కానీ ఆరునెలలు టీబీ మందులు మింగి మంచం దిగాక ఒక ఆదివారం మధ్యాహ్నం కొడుకుని కూర్చోబెట్టి తన కోరిక చెప్పాడు. తనను పెట్టెలో పెట్టుకున్నా సరే, తల దగ్గర సిలువ పాతుకున్నా సరే, ముందర మోరి మాత్రం నడవాలి. కొండబాబు ఊదేవాడుంటే తాను అడ్డు చెప్పనన్నాడు.

ఊదేవాడుంటే. సోంబరు ఆ ఒక్క మాట పట్టుకుని రెండేళ్ళు అటూ ఇటూ తిరిగాడు. సుంకరమెట్ట సంతలో తెలిసినవాళ్ళని అడిగాడు. ఒడిశా వైపు చుట్టాలకి కబురు పెట్టాడు. ఒక కుర్రాడు వచ్చి మూడు రోజులుండి, పెళ్ళి పాటలైతే నేర్చుకుంటాను గానీ చావు పాట నాకెందుకని వెళ్ళిపోయాడు. పై పళ్ళు రెండు మిగిలాయి సోంబరుకి. పీక పట్టుకుంటే పక్కల నుంచి గాలి పోతోంది. ఊదినా ఇంటి దగ్గర్నుంచి ఊరి పొలిమేర రాయి దాకా ఊదగలడు, అంతే. రాయి దాటితే దిగుడు, తరవాత గెడ్డ అనే కొండవాగు, గెడ్డ అవతల ఎక్కుడు, ఆ పైన శ్మశానం.

అలాంటి సమయంలో మేనల్లుడు సురేంద్ర ఊరికి తిరిగొచ్చాడు. డొంకరాయి పవర్‌హౌస్‌లో మూడేళ్ళు కాంట్రాక్టు పని చేసి, ఆ డబ్బుతో ఒక గిటారూ ఒక లాప్‌టాప్‌ కొనుక్కుని వచ్చాడు. ముప్పై దాటినా పెళ్ళి కాలేదు. పగలు కాఫీ పండ్ల పొట్టు తీసే మిషన్ దగ్గర పని. అది లేని రోజున ఊరి చివర పాడుపడ్డ గోదాములో తలుపేసుకుని ఉంటాడు. గోడల నిండా గోనెసంచులూ కోడిగుడ్ల అట్టలూ మేకులు కొట్టి తగిలించాడు. అవి కొట్టినా లోపలి చప్పుడు బయటికి వచ్చేది.

సోంబరు మొదటిసారి విన్నప్పుడు రేకుల కప్పు మీద వడగళ్ళు పడుతున్నాయనుకున్నాడు. చూస్తే ఆకాశం బాగానే ఉంది. ఆ వడగళ్ళ మధ్యలో ఒక మనిషి ఉన్నాడు. గొంతు పిసుకుతుంటే అరుస్తున్నట్టున్నాడు, అయినా ఆ అరుపుకి ఒక లెక్క ఉంది, ఒక చోట పడి ఒక చోట లేస్తోంది. పక్కనే అరుగు మీద కూర్చున్న భీముడు చుట్ట తీసి ఉమ్మాడు. భీముడు తుడుమనే డప్పు వాయించేవాడు, సోంబరుకి చిన్ననాటి జత. మోరి ముందు, తుడుము వెనక, ఇద్దరూ కలిసి ఎన్ని చావులు నడిచారో.

"నీ అల్లుడికి గొంతులో ముల్లు దిగిందేట్రా సోంబరూ? పోయి ముద్దన్నం మింగమను" అన్నాడు భీముడు.

సోంబరు నవ్వలేదు. చెవి రిక్కించి వింటున్నాడు. సాయంత్రం సురేంద్ర బయటికి రాగానే ఏమిటదని అడిగాడు. బ్లాక్ మెటల్ అంటారు మావా అన్నాడు వాడు. చలి దేశాల్లో పుట్టిందట. నలుగురైదుగురు కలిసి చేసేవాళ్ళున్నారు గానీ ఒక్కడే అన్నీ వాయించి, ఒక్కడే అరిచి, ఒక్కడే కలిపే దారి కూడా ఒకటుందట. తాను ఆ దారి పట్టాడు. గిటారు వాడిదే, డోలు లాప్‌టాప్‌ది, గొంతు వాడిదే. స్టేజీ ఎక్కడు, మొహం చూపించడు, పేరు కూడా పెట్టుకోడు, ఆల్బం మీద లింబగరువు అని ఊరి పేరే ఉంటుంది. ఎనిమిది పాటలు అనుకున్నాడు, ఏడు అయ్యాయి. ఎదుటి కొండ మీద జెండాలు పాతి వెళ్ళిన సర్వే వాళ్ళ గురించి ఒకటి. కాన్పుకి డోలీలో మోసుకెళ్తుంటే ఘాట్ మలుపులో పోయిన తన అక్క గురించి ఒకటి. మిగతావి మంచు గురించి, వాన గురించి.

ఎవరి కోసం ఇదంతా అని సోంబరు అడిగాడు. ఎవరి కోసమూ కాదన్నాడు సురేంద్ర. అలా చెప్పడంలో వాడికి కొంచెం గర్వం ఉందని సోంబరు కనిపెట్టాడు. యాభై ఏళ్ళలో తాను ఎవరి కోసమూ కాకుండా ఒక్కసారి కూడా ఊదలేదు.

ఎనిమిదో పాట కోసం సురేంద్రకి సాగనంపు కావాలట. చిన్నప్పుడు తాతకి సోంబరు ఊదుతుంటే విన్నాడు, ఇప్పటికీ చెవుల్లో ఉంది గానీ వరస చిక్కడం లేదు. ఒక్కసారి ఊదితే ఫోన్‌లో పట్టుకుంటానన్నాడు. శవమేదిరా అన్నాడు సోంబరు. అక్కడితో ఆ మాట అయిపోయింది.

అయిపోయిందనుకున్నాడు గానీ ఆ వారమంతా నిద్ర పట్టలేదు. పాట కావాలని తనంతట తానుగా వచ్చి అడిగినవాడు ఒక్కడైనా దొరికాడు. ఊపిరి ఉంది వాడికి, అంతసేపు అరవగలిగినవాడికి ఊపిరి లేకేం. సొంత మేనల్లుడు. వాడికి నేర్పాలంటే వెనక నడిపించాలి, నడిపించాలంటే చావు కావాలి, చావులన్నీ చర్చివైపు పోయాయి. ఇంక ఎవరు మిగిలారని వేళ్ళు మడిచాడు. పాత దేవతల్ని పట్టుకున్న ముసలివాళ్ళు ఊరు మొత్తంలో నలుగురు. అందులో తానొకడు.

అప్పుడు ఆ ఉపాయం తోచింది. సాగనంపులో ఏడు విరుపులున్నాయి, ఒక్కో విరుపూ దారిలో ఒక్కో చోటికి ఊదే ముక్క. ఏడు విరుపుల్నీ ఏడు వేరువేరు రోజుల్లో, వరస తప్పించి, ఒక రోజుకి ఒకటి చొప్పున ఊదితే అది సాగనంపు కాదు. ఎక్కడా మొదలు లేదు, ఎక్కడా చివర లేదు. భీముడికి చెబితే వాడు తొడ మీద కొట్టుకుని నవ్వాడు. ఎక్సైజు వాళ్ళని తప్పించుకునే నాటుసారా వాడు కూడా ఇంత తెలివి చెయ్యడన్నాడు. నవ్వు ఆపి, జాగ్రత్తరా, ముక్కలు చేసినవాడికి అతకడం ఎంతసేపన్నాడు. సోంబరు అది వినిపించుకోలేదు.

సురేంద్రతో మాట తీసుకున్నాడు. పాట ఇస్తాను. ఆల్బంలో ఏం చేసుకుంటావో నాకు తెలీదు, ముక్కలుగానే వాడుకో. కానీ నువ్వు మోరి పట్టి నేర్చుకోవాలి, నోటితో ఊదాలి. ఏడూ కలిపి వరసగా ఊదేది ఒక్కసారే, అదీ నేను పోయిన రోజున, నా ముందు. మధ్యలో ఆపకూడదు. సురేంద్ర తల ఊపాడు. తప్పకుండా మావా అన్నాడు.

రెండోసారి ఎత్తకూడదన్న మాట సోంబరు చెప్పలేదు. దాచిపెట్టి కాదు, ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. నోటితో ఊదేవాడెవడూ రెండోసారి ఎత్తడు. మొదటిదానికే వాడి ప్రాణం కళ్ళలోకి వస్తుంది.

ఆషాఢమంతా ఆ పని సాగింది. సోంబరు ముక్క ఊదడానికి పూట పట్టేది. దగ్గు వచ్చి ఆగేవాడు, గోరువెచ్చని నీళ్ళు తాగి మళ్ళీ పట్టేవాడు. సురేంద్ర ఫోన్ ముందు పెట్టి, ఊపిరి చప్పుడు కూడా వదలకుండా పట్టుకునేవాడు. ఆ తరవాత మోరి తీసుకుని తానూ ఊదేవాడు. మొదట గేదె దగ్గినట్టు వచ్చింది. రెండు వారాలకి మాట వచ్చింది. అరచెయ్యి ఆనించమని సోంబరు వీపు చూపిస్తే, ఊదుతున్నంతసేపూ వాడు చెయ్యి తియ్యలేదు. చొక్కా లోంచి ఆ చెయ్యి వెచ్చదనం సోంబరుకి తెలిసేది. ఎన్నాళ్ళకో వీపు మీద చెయ్యి పడింది. ఆ పూట కోడలితో కోడిగుడ్డు వేయించమని అడిగి తిన్నాడు.

ఏడో ముక్క ఇచ్చిన మర్నాటి నుంచి సురేంద్ర రావడం తగ్గింది. కలిపే పని ఉంది మావా అనేవాడు. పోలండో ఏదో దేశంలో ఒకతను కాసెట్లు వేస్తానన్నాడట, తేదీ పెట్టాడట. సోంబరు కొత్త తాటాకు పీక చేసి గోదాము తలుపు తట్టి ఇచ్చాడు. వాడు అందుకుని లాప్‌టాప్ పక్కన పెట్టుకున్నాడు. మళ్ళీ తలుపేసుకున్నాడు.

నెల తిరిగాక కాసెట్టు వచ్చింది. అట్ట మీద నలుపూ తెలుపూ బొమ్మ, మంచులో ఎదుటి కొండ. వంద వేశారట, అన్నీ అమ్ముడైపోయాయట. సురేంద్ర దాన్ని మావ చేతిలో పెట్టాడు. ఊళ్ళో కాసెట్టు వినే డబ్బా ఎవరింట్లోనూ లేదు, వాడి దగ్గరా లేదు. చెవుల్లో తీగలు పెట్టి ఫోన్‌లో వినిపించాడు.

ఏడు పాటలు సోంబరు ఓపిగ్గా విన్నాడు. అర్థమైంది కొంచెమే. అక్క పాటలో ఒకచోట అరుపు తెగి, వట్టి ఊపిరి మిగిలినప్పుడు మాత్రం కళ్ళు మూసుకున్నాడు. ఎనిమిదోది వడగళ్ళతో మొదలైంది. వడగళ్ళు మెల్లగా పక్కకి తప్పుకున్నాయి. వెనక నుంచి మోరి లేచింది.

అది తన మోరి. తన పగిలిన ఊపిరి, తన పక్కపళ్ళ సందుల్లోంచి పోయే గాలి. మొదటి విరుపు, వెంటనే రెండోది, ఆ వెంటనే మూడోది. వరస తప్పించి ఇచ్చినవన్నీ వరసలో కూర్చున్నాయి, అతుకు ఎక్కడా తెలీదు. తన జన్మలో అంత నిండుగా ఎప్పుడూ ఊదలేదు. ఏడో విరుపు రాకుండానే తీగలు లాగేశాడు. అరుగు మీద కోడిపిల్లలు తిరుగుతున్నాయి, కోడలు చోళ్ళు చెరుగుతోంది, ఎవరూ చావలేదు.

"నువ్వు ఊదనేదు" అన్నాడు.

"నీదే బాగుంది మావా. నేను ఎన్నిసార్లు ఊదినా అలా రాదు. అది పాడుచెయ్యడమెందుకు?"

"మరి నాను పోతే?"

సురేంద్ర వెంటనే చెప్పాడు, ముందే ఆలోచించి పెట్టుకున్నట్టు. "పెద్ద స్పీకర్ తెస్తాను. ఇదే పెడతాను. నువ్వే ఊదుకున్నట్టుంటుంది."

సోంబరు వాడి మొహంలోకి చూశాడు. వెక్కిరింపు లేదు. ప్రేమగానే అన్నాడు. ఒక్కడే అన్నీ చేసుకునేవాడికి ఇంకొకడు ముందర నిలబడాలన్న ఆలోచన రాదు, అంతే.

"ఎవడి శవం ముందు ఆడే ఊదుకోవాలేట్రా" అన్నాడు. లేచి లోపలికి పోయాడు.

పదిరోజులు సోంబరు మేనల్లుడితో మాట్లాడలేదు. పదకొండో రోజు తెల్లవారి భీముడు పోయాడు. పొయ్యి దగ్గర చలి కాచుకుంటూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగాడు. కొడుకు సుక్రు పాత పద్ధతిలోనే చేస్తానన్నాడు. తుడుము వాయించేవాడే పోయాడు కాబట్టి తుడుము వాయించేవాడు లేడు. దాన్ని పాడె కాళ్ళ దగ్గర కట్టారు. మోరి కోసం సుక్రు సోంబరు ఇంటికి వచ్చాడు. వచ్చి, అడగడానికి ముందు ఆయన దగ్గు విన్నాడు. నువ్వు ఊదగలవా పెదనాన్నా, లేకపోతే సురేంద్ర స్పీకర్ పెడతానంటున్నాడు అన్నాడు.

సోంబరు ఊదతాననాల్సింది. పొలిమేర రాయి దాకానైనా సరే, ఊపిరి ఆగిపోతే ఆగిపోయిందని, జత కోసం నిలబడాల్సింది. కానీ సగం దారిలో ఆపితే పోయినవాణ్ణి రోడ్డు మీద వదిలేసినట్టు. యాభై ఏళ్ళలో తనకి అది జరగలేదు. భీముడికే జరగాలా అనుకున్నాడు. ఇంకో ఆలోచన కూడా లోపల ఉంది, దాన్ని పైకి రానివ్వలేదు. రేపు తనకి జరిగేది ఇదే కదా, ఎలా ఉంటుందో చూద్దామని. వాడినే పెట్టమను అన్నాడు. మోరి మేకుకి వేలాడుతుంటే వట్టి చేతులతో బయల్దేరాడు.

సురేంద్ర బాగానే కష్టపడ్డాడు. గిటారూ డోలూ తీసేసి మోరి ఒక్కటే ఉంచాడు. నడక ఎంతసేపని సుక్రుని అడిగి, పాటని సాగదీసి పావుగంట చేశాడు. ఒకవేళ పావుగంట చాలకపోతే మధ్యలో ఆగిపోతుందని భయపడ్డాడు, ఆపకూడదని మావ చెప్పాడు కదా. అందుకని అయిపోగానే మళ్ళీ వచ్చేలా రిపీట్ పెట్టాడు. స్పీకర్‌ని టార్పాలిన్ ముక్కలో చుట్టి తాళ్ళతో వీపుకి కట్టుకున్నాడు. ఫోన్ కవర్లో వేసి జేబులో పెట్టుకున్నాడు. సన్నగా వాన.

పాడె లేచింది, మోరి లేచింది. నలుగురూ అడుగు కలిపారు. నిజం చెప్పాలంటే బాగుంది. చర్చి ఇళ్ళవాళ్ళు కూడా వాకిళ్ళలోకి వచ్చి నిలబడ్డారు. ఎన్నేళ్ళయిందో విని అని ఒక ముసలామె కళ్ళు తుడుచుకుంది. సోంబరు పాడె పక్కనే నడుస్తున్నాడు. తన ఊపిరి తనకి నాలుగడుగుల ముందు నడుస్తోంది. పొలిమేర రాయి దాటింది, తనకి అందనంత దూరం దాటింది. ఒకటి రెండుసార్లు భుజాలు మార్చుకోవడానికి మోసేవాళ్ళు ఆగారు. పాట ఆగలేదు. సోంబరు ఒక్కడే గమనించాడు.

గెడ్డ దగ్గర నీళ్ళు మొలలోతు వచ్చి ఎర్రగా పరిగెడుతున్నాయి. తాడు కట్టకుండా శవంతో దిగడం కుదరదు. పాడెని ఒడ్డున బండ మీద దించి, ఇద్దరు తాడు కోసం ఊళ్ళోకి పరిగెత్తారు. మిగతావాళ్ళు వానలో నిలబడ్డారు.

మోరి ఇక్కడ నిలబడాలి. ఒక్క స్వరం పట్టుకుని, బుగ్గలు నొప్పెట్టినా, కళ్ళు చీకట్లు కమ్మినా నిలబడాలి. ఒకసారి ఇదే గెడ్డ దగ్గర సోంబరు అయ్య రెండు చుట్టలు కాలేంతసేపు నిలబెట్టాడు. స్పీకర్ నిలబడలేదు. నాలుగో విరుపు అయింది, అది నీళ్ళలో దిగే విరుపు. ఐదోది అవతల ఒడ్డెక్కే విరుపు. ఆరోది ఎక్కుడు. భీముడు బండ మీద తడుస్తున్నాడు, పాట గెడ్డ దాటేసి కొండెక్కుతోంది. ఆపరా, అక్కడ నిలబెట్టరా అని సోంబరు మెల్లగా అన్నాడు. నిలబెట్టడం దానికి రాదు మావా, ఆపితే పూర్తిగా ఆగిపోతుందన్నాడు సురేంద్ర. ఏడో విరుపు కూడా వచ్చింది. గొయ్యి దగ్గరికి చేరి, మట్టి వేసి, పాట అయిపోయింది. శవం ఇంకా ఇవతలే ఉంది.

నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. తాడు తెచ్చినవాళ్ళు అప్పుడే దిగుతున్నారు. సుక్రు తండ్రి మొహం మీద వాన తుడిచాడు.

అంతలో స్పీకర్‌లో చిన్న టిక్కుమన్న చప్పుడు వచ్చింది. మొదటి విరుపు మళ్ళీ లేచింది.

సురేంద్ర జేబులోంచి ఫోన్ లాగాడు. వేళ్ళు తడి, అద్దం తడి. రుద్దుతున్నాడు, చొక్కాకి తుడుస్తున్నాడు, అది వినడం లేదు. రెండో విరుపు అయింది, మూడోది అయింది. ఎవరో వెనక నుంచి టార్పాలిన్ లాగుతున్నారు, తాళ్ళ ముడులు వానకి బిగిసిపోయాయి. నాలుగో విరుపు మధ్యలో వేలు అంటుకుంది. పాట తెగింది.

పాడె చుట్టూ ఉన్నవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ముందు కొమ్ము పట్టాల్సినవాడి భార్యకి నెలలు నిండాయి. వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. వాణ్ణి చూసి ఇంకొకడు చేతులు కట్టుకున్నాడు. సుక్రు కూతురికి మూడు రోజుల్నుంచి జ్వరం. అది అందరికీ తెలుసు, సుక్రుకి ఇంకా బాగా తెలుసు.

"ఇది ఎవులికి?" అన్నాడు సుక్రు.

సురేంద్ర ఏదేదో చెప్పాడు. రిపీట్ అన్నాడు, తన తప్పే అన్నాడు, ఇది పాట కాదు వట్టి ఫైలు అన్నాడు. ఎవరూ అటు చూడలేదు. చర్చికి వెళ్ళే ఇద్దరు కూడా చూడలేదు. తాడు నీళ్ళ ఒడ్డున పడి ఉంది, ఎవరూ ఎత్తడం లేదు. పాడె మీద గుడ్డ తడిసి భీముడి మోకాళ్ళకి అతుక్కుంది.

సోంబరు అందరికంటే పెద్దవాడు. అందుకని కాదు అతను మాట్లాడింది. భీముణ్ణి అక్కడ అలా ఉంచడం చూడలేకపోయాడు.

"నాకే" అన్నాడు. "ఊదింది నాను. ఆ ఊపిరి నాది. మీకెవులికీ కాదు. ఎత్తండి, బేగి ఎత్తండి."

సుక్రు వచ్చి పెదనాన్న కాళ్ళకి వంగబోయి మధ్యలో ఆగిపోయాడు. తరవాత తాడు ఎత్తారు, పాడె ఎత్తారు. భీముడు మోరి లేకుండానే గెడ్డ దాటాడు, మోరి లేకుండానే కొండెక్కాడు. సోంబరు నీళ్ళలో తాడు పట్టుకుని, వట్టి చేతులతో, వట్టి నోటితో వెనక నడిచాడు.

మట్టి వేసి వస్తుంటే దిగుట్లో సురేంద్ర పక్కకి చేరాడు. ఏడుస్తున్నాడు. మావా, ఇవాళ్టి నుంచి రోజూ వస్తాను, పీక నువ్విచ్చింది అలాగే ఉంది, నోటితోనే నేర్చుకుంటాను, నీకు నేనే ఊదుతాను అన్నాడు. సోంబరు కాలు జారకుండా రాయి చూసుకుని అడుగేశాడు.

"ఎందుకురా? నాదైపోనాది" అన్నాడు.

సురేంద్రకి మొదట అర్థం కాలేదు. గెడ్డ దగ్గర విన్న మాటలు కలుపుకుంటూ నడుస్తుంటే అర్థమై, దారి మధ్యలో నిలబడిపోయాడు. ఒక మనిషికి ఒక్కసారే. ఆ ఒక్కసారీ వానలో, ఇంకొకరి పాడె ముందు, నాలుగో విరుపు సగంలో అయిపోయింది.

చావింటి ముందు మట్టి చేసి వచ్చినవాళ్ళ చేతుల మీద పసుపు నీళ్ళు పోస్తారు, చావు వెనకే ఇంట్లోకి రాకుండా. భీముడి మరదలు రమణి చెంబు పట్టుకుని నిలబడింది. గెడ్డ దగ్గర జరిగింది ఆమెకి అప్పటికే తెలిసిపోయింది. ఒక్కొక్కరి దోసిట్లో పోసుకుంటూ వచ్చింది. సోంబరు దోసిలి పట్టాడు. ఆమె చెంబు వంచబోయి, ఆయన మొహం చూసి, పక్కవాడి దగ్గరికి జరిగింది. కావాలని చేసింది కాదు, చెయ్యి అలా పోయింది. సోంబరు దోసిలి ఇంకాసేపు అలాగే ఉంచి, తరవాత పంచెకి తుడుచుకున్నాడు. తుడవడానికి ఏమీ లేదు.

వారం తరవాత సురేంద్ర ఫోన్ పట్టుకుని వచ్చాడు. రాకూడదనుకుని కూడా వచ్చినవాడిలా వాకిట్లో నిలబడ్డాడు. పోలండ్ అతను రాశాడట. ఎనిమిదో పాట గురించి అక్కడివాళ్ళు చాలా గొప్పగా చెప్పుకుంటున్నారట. ఆ ఊదినాయన ఎవరు, ఎంత వయసు, బతికే ఉన్నాడా అని అడుగుతున్నాడట. మళ్ళీ కాసెట్లు వేస్తున్నాడట, లోపల కాగితం మీద రాయాలట.

సోంబరు చుట్ట ఆర్పి, చెవి మీద పెట్టుకున్నాడు.

"పోనాడని రాయి."

సురేంద్ర వేలు ఫోన్ మీద ఆగింది. అలా రాయలేను మావా అన్నాడు. సోంబరు చూస్తూ కూర్చున్నాడు. వాడు రాసేదాకా చూశాడు. ఏం రాశావో చదవమన్నాడు. పేరు సోంబరు, ఊరు లింబగరువు, డెబ్బై ఏళ్ళు, ఈ వర్షాకాలంలో చనిపోయారు అని వాడు చదివాడు. డెబ్బై కాదు, అరవై ఎనిమిది అన్నాడు సోంబరు. దిద్దాడు.

ఇంకేమైనా రాయాలా అని వాడు తల ఎత్తకుండా అడిగాడు.

"సగంలో ఆపీసినారని రాయి" అన్నాడు సోంబరు.